జపాన్ లోలిటా ఫ్యాషన్, దాని చుట్టూ ఉన్న మాంగా (జపాన్ బొమ్మల కథలు): తరచుగా అడిగే ప్రశ్నలు

తొమ్మిదేళ్లుగా ఈ బట్టలు వేసుకుంటున్నాను. మొదట్లో ఎవరో ఒకరు అడిగేవాళ్లు. ఇప్పుడు వారానికి నాలుగైదు మెసేజ్‌లు వస్తున్నాయి, అన్నిట్లోనూ అవే సందేహాలు. చెప్పిందే చెప్పడం నాకూ విసుగే, నా జవాబు కోసం రెండ్రోజులు ఆగడం మీకూ విసుగే. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## ఇంకా దూరం నుంచి చూస్తున్నవాళ్లకి

అసలు లోలిటా ఫ్యాషన్ అంటే ఏంటి? ఫ్రిల్ గౌను వేసుకుంటే చాలా?

చాలదు. ఇది జపాన్‌లో పుట్టిన దుస్తుల తీరు. ఫ్రాన్స్ రొకోకో కాలం (పద్దెనిమిదో శతాబ్దం) నుంచి, ఇంగ్లండ్ విక్టోరియా కాలం నుంచి నచ్చిన ముక్కలు ఏరుకుని, జపాన్ అమ్మాయిలు తమకి తోచినట్టు కలిపి కుట్టుకున్నది. చూడగానే గుర్తుపట్టించేది స్కర్టు ఆకారం. నడుము దగ్గర్నుంచి బోర్లించిన గిన్నెలా ఉబ్బి, మోకాలి దగ్గర ఆగుతుంది. కొన్నిట్లో ఏ-లైన్‌లా ఏటవాలుగా దిగుతుంది. పైన బ్లౌజు, కింద మేజోళ్లు, తలకి బో గానీ బానెట్ (గడ్డం కింద రిబ్బను కట్టే టోపీ) గానీ. స్కర్టు కింద ఉబ్బెత్తు లేకపోతే ఎంత ఖరీదైన లేసు ఉన్నా అది మామూలు గౌనే. లేసు ఒక్కటీ లేకపోయినా ఆకారం, కుట్టుపని కుదిరితే మాత్రం లోలిటా అనిపించుకుంటుంది.

ఆ పేరు చూస్తేనే ఇబ్బందిగా ఉంది. ఆ నవలకీ దీనికీ సంబంధం ఉందా?

ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు, మా అమ్మతో సహా. 1955 నాటి నబొకోవ్ నవల పేరూ ఇదీ ఒకటే. కానీ ఈ బట్టలు ఆ కథలోంచి రాలేదు. జపాన్ ఫ్యాషన్ పత్రికల్లో ఈ మాట 1980లలో కనిపించడం మొదలైంది. అక్కడ దాని అర్థం ‘ముద్దుగా, చిన్నపిల్లల బట్టల్లా సింగారించుకోవడం’ అన్నంత వరకే. ఇది ఒళ్లు కప్పే ఫ్యాషన్. మెడ దాకా గుండీలు, మోకాలి దాకా స్కర్టు, కాళ్లకి మేజోళ్లు. వేసుకునేవాళ్లు మగవాళ్ల చూపు కోసం వేసుకోరు. నిజానికి సగం మంది మగవాళ్లకి ఇది నచ్చదు, మాకు అదీ హాయే.

పేరు బాగా లేదన్న మాటతో నేను వాదించను. మార్చాలంటే మాత్రం నలభై ఏళ్లు ఆలస్యమైంది. ఒక ఉపాయం చెప్తాను: నెట్‌లో ఒట్టి ‘లోలిటా’ అని వెతకొద్దు. అక్కర్లేనివి వస్తాయి, కొన్ని యాప్‌లు హెచ్చరిక కూడా చూపిస్తాయి. ‘లోలిటా ఫ్యాషన్’ అనో, ‘ఈజీఎల్’ (ఎలిగెంట్ గోతిక్ లోలిటా) అనో, లేకపోతే నేరుగా బ్రాండ్ పేరు పెట్టో వెతకండి.

ఇది ఎప్పుడు, ఎక్కడ మొదలైంది?

ఫలానా రోజున అని చెప్పడానికి లేదు. టోక్యోలోని హరజుకులో 1970లో హితోమి ఒకావా ‘మిల్క్’ అనే చిన్న షాపు తెరిచారు. ఆ దశాబ్దంలోనే ‘పింక్ హౌస్’ పూల ప్రింట్లు, కుచ్చుల స్కర్టులతో వచ్చింది. వీటిని చూసి పెరిగిన తరం నుంచి అసలు బ్రాండ్లు పుట్టాయి. 1988లో ‘బేబీ, ద స్టార్స్ షైన్ బ్రైట్’ వచ్చింది. అభిమానులు దాన్ని బేబీ అనే పిలుస్తారు. ఒక ఇంగ్లిష్ బ్యాండ్ ఆల్బమ్ పేరే షాపుకి పెట్టుకున్నారు. 1993లో ఒసాకాలో ‘మెటమార్ఫోజ్’ మొదలైంది. ‘ఏంజెలిక్ ప్రెట్టీ’ 2001లో ఆ పేరు పెట్టుకుంది గానీ దాని ముందు రూపమైన ‘ప్రెట్టీ’ షాపు 1979 నాటిది.

నల్ల లేసు దారి వేరు. 1990లలో విజువల్ కేయ్ అనే సంగీత ధోరణి నడిచింది, వాద్యకారులు నాటకాల వేషాల్లా తయారై వాయించేవాళ్లు. వాళ్లలో మాలిస్ మిజెర్ గిటారిస్టు మానా 1999లో ‘మ్వా-మెమ్-మ్వాతియే’ బ్రాండ్ పెట్టి, ఆ తీరుకి ‘ఎలిగెంట్ గోతిక్ లోలిటా’ అని పేరిచ్చాడు. ఈజీఎల్ అనే పొట్టిపేరు అక్కడిదే. గౌను వేసుకుని గిటారు వాయించిన మగవాడు అమ్మాయిల ఫ్యాషన్‌కి పేరు పెట్టడం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇది కాస్‌ప్లేనే కదా?

కాదు. కాస్‌ప్లే అంటే ఒక పాత్రలా వేషం కట్టడం. ఇది మన పేరుతో మనం వేసుకునే బట్ట. ఇందులో టీ తాగుతాం, సినిమాకి వెళ్తాం, బ్యాంకులో క్యూలో నిలబడతాం. హైదరాబాద్ కామిక్ కాన్‌కి (కామిక్స్ అభిమానుల సంబరం) నేను వెళ్లినప్పుడల్లా “ఏ క్యారెక్టర్?” అని అడుగుతారు. “నేనే” అంటే నవ్వుతారు.

స్వీట్, గోతిక్, క్లాసిక్ అంటారు. తేడా ఎలా తెలుస్తుంది?

స్వీట్: గులాబీ, లేత నీలం, కేకులు, కుందేళ్లు, స్ట్రాబెర్రీల ప్రింట్లు. గోతిక్: నలుపు, ముదురు ఎరుపు, శిలువలు, కోటల కమానులు. క్లాసిక్: గోధుమ, దంతపు రంగు, పాత పింగాణీ కప్పుల మీద ఉండే పూలు. అబ్బాయిల తీరులో నిక్కరు, వెయిస్ట్‌కోటు వేస్తే ‘ఓజి’, అంటే రాకుమారుడు. కిమోనో చేతులు కలిపితే ‘వా లోలిటా’. మొదట్లోనే ఒకటి తేల్చేసుకోవాలని టెన్షన్ పడకండి. నేను స్వీట్‌తో మొదలుపెట్టి రెండేళ్లలో క్లాసిక్‌కి వచ్చేశాను. గులాబీ గౌన్లన్నీ అమ్మేసి ఒక్కటి మాత్రం దాచుకున్నాను.

నేను చామనఛాయ, కాస్త లావు, వయసు ముప్పై దాటింది. నాకు నప్పుతుందా?

మూడింటికీ అవుననే నా జవాబు. రంగు సంగతికొస్తే, ముదురు ఆకుపచ్చ, వైన్ ఎరుపు, దంతపు తెలుపు మన ఛాయ మీద ఎలా వెలుగుతాయో పట్టుచీర కట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. లేత గులాబీ కూడా బాగుంటుంది, ముఖానికి తెల్ల పౌడరు కొట్టనంత వరకు. వయసు అంటారా, ఈ ఫ్యాషన్‌కి ముఖచిత్రం లాంటి మోడల్ మిసాకో అఒకి 1983లో పుట్టారు. నర్సుగా పనిచేస్తూనే మోడలింగ్ చేశారు. 2009లో జపాన్ విదేశాంగ శాఖ ఆమెని ముగ్గురు ‘కవాయి రాయబారుల్లో’ (కవాయి అంటే ముద్దుగా ఉండేది) ఒకరిగా నియమించింది. లావు విషయంలో ఇబ్బంది మీ ఒంటితో కాదు, జపాన్ సైజులతో. వెనక ఎలాస్టిక్ ఉన్న గౌన్లు వెతుక్కోవాలి.

హిజాబ్‌తో వేసుకోవచ్చా?

వేసుకుంటారు. ఇంగ్లండ్‌లో, మలేసియాలో, ఇండోనేసియాలో హిజాబ్‌కే లేసు, బో అమర్చి వేసుకునే అమ్మాయిలు ఎప్పట్నుంచో ఉన్నారు. పొడుగు చేతులు, మెడ మూసిన బ్లౌజు, మందపు మేజోళ్లు ఈ ఫ్యాషన్‌లో ముందునుంచే ఉన్నాయి కాబట్టి కొత్తగా సర్దుకోవాల్సింది తక్కువ.

## మాంగా దారిలో వచ్చినవాళ్లకి

ఒక్కటే చదువుతాను. ఏది చదవమంటారు?

‘షిమొత్సుమ మొనొగతరి’. ఇంగ్లిష్‌లో ‘కామికాజే గర్ల్స్’. నోవాలా తకెమొతో 2002లో రాసిన నవల ఇది. తర్వాత యుకియో కనెసద బొమ్మలతో మాంగా వచ్చింది, 2004లో సినిమా వచ్చింది. టోక్యోకి దూరంగా, పొలాల మధ్య ఉండే షిమొత్సుమ అనే ఊళ్లో మొమొకొ అనే అమ్మాయి ఉంటుంది. బేబీ షాపు బట్టలంటే ప్రాణం. వాటికోసం గంటల తరబడి రైళ్లు మారి టోక్యోలోని దైకన్‌యమాకి వెళ్తుంది. ఆమెకి ఇచిగొ అనే మోటార్‌సైకిల్ గ్యాంగు పిల్ల తగులుతుంది. ఇద్దరికీ పొంతన లేదు, స్నేహం మాత్రం కుదురుతుంది.

వరిచేల గట్టు మీద గొడుగు పట్టుకుని తెల్ల గౌనులో నడిచే మొమొకొని సినిమాలో చూసినప్పుడు నాకు మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. అక్కడ నేనలా నడిస్తే ఏమవుతుందో ఊహించుకుని పది నిమిషాలు నవ్వుకున్నాను. ఈ కథలో బేబీ బ్రాండు నిజం పేరుతోనే ఉంటుంది. మొమొకొ చేతి ఎంబ్రాయిడరీ ఆమె జీవితాన్ని ఎటు తిప్పుతుందో చెప్పను, చదువుకోండి.

రోజెన్ మెయిడెన్‌లో బొమ్మలు వేసుకునేవి లోలిటా బట్టలేనా?

చాలా దగ్గర. పీచ్-పిట్ అనే జంట రచయిత్రులు 2002లో మొదలుపెట్టిన మాంగా అది. అందులో షింకు అనే బొమ్మది ఎర్ర గౌను, బానెట్. సుయిగింతొ అనే బొమ్మది నల్ల గౌను, వెండి జుట్టు. స్వీట్, గోతిక్ తేడా పిల్లలకి చెప్పాలంటే వీళ్లిద్దరిని చూపిస్తే సరిపోతుంది. అయితే షింకు లాంటి బొమ్మల గౌన్లు పొడుగ్గా, నేల జీరాడేలా ఉంటాయి. మనం వేసుకునేవి మోకాలి దాకానే. జపాన్ ప్రధానిగా చేసిన తారో అసో ఈ మాంగాని విమానాశ్రయంలో చదువుతూ కనబడ్డారన్న కబురుతో ఆయనకి ‘రోజెన్ అసో’ అని ముద్దుపేరు వచ్చింది.

కుట్టుపని, డిజైన్ మీద ఆసక్తి. అలాంటివి ఉన్నాయా?

అయి యజవ ‘పారడైస్ కిస్’. ఇది 1999 నుంచి 2003 దాకా ‘జిప్పర్’ అనే ఫ్యాషన్ పత్రికలో వచ్చింది. మాంగా పత్రికలో కాకుండా బట్టల పత్రికలో రావడం వల్లే కాబోలు, ప్రతి పేజీలోనూ గుడ్డ ఎలా వాలుతుందో కనిపిస్తుంది. ఫ్యాషన్ కాలేజీ పిల్లలు ఒక ప్రదర్శన కోసం రాత్రంతా కూర్చుని కుట్టే ఘట్టాలు చదివాక నేను మెషిన్ ముందు కూర్చున్నాను. సూది వేలికి గుచ్చుకుంది, అది వేరే కథ. అకికొ హిగషిమురా ‘ప్రిన్సెస్ జెల్లీఫిష్’ కూడా బాగుంటుంది. జెల్లీఫిష్ ఆకారం నుంచి గౌన్లు పుట్టించే అమ్మాయి కథ. ఆ గౌన్లు లోలిటా కాదు గానీ, ‘అందమైన బట్ట వేసుకునే హక్కు నాకుందా’ అన్న ఆమె భయం మనలో చాలామందిది.

‘మై డ్రెస్-అప్ డార్లింగ్’ మా చెల్లికి ఇవ్వచ్చా? దానికి పన్నెండేళ్లు.

ఇంకొన్నాళ్లు ఆగండి. షినిచి ఫుకుద గీసిన ఆ మాంగాలో కుట్టుపని వివరాలు అద్భుతంగా ఉంటాయి. హీన బొమ్మలు (జపాన్ ఆడపిల్లల పండక్కి పెట్టే సంప్రదాయ బొమ్మలు) చేసే ఇంటి కుర్రాడు తోటి విద్యార్థినికి కాస్‌ప్లే బట్టలు కుట్టిపెడతాడు. గుడ్డ ఎంపిక, కొలతలు, లైనింగు అన్నీ చూపిస్తారు. కానీ అది పెద్దల కోసం వచ్చే పత్రికలోది. మొదటి గౌను ఒక పెద్దల గేమ్ పాత్రది, ఒళ్లు చూపించే బొమ్మలు చాలా ఉంటాయి. క్లాంప్ బృందం ‘చోబిట్స్’ కూడా అంతే: ఫ్రిల్ గౌన్లు చూసి చిన్నపిల్లల కథ అనుకుంటారు, కాదు. పన్నెండేళ్ల పిల్లకి అదే క్లాంప్ గీసిన ‘కార్డ్‌క్యాప్టర్ సకురా’ ఇవ్వండి. స్నేహితురాలు తొమొయొ ప్రతి సాహసానికీ సకురాకి ఒక కొత్త గౌను కుట్టి తెస్తుంది.

పాత మాంగాకీ ఈ ఫ్యాషన్‌కీ లింకు ఉందా?

ఉంది, బట్టల షాపుల కంటే ముందునుంచే. యుద్ధం ముగిసిన కొత్తలో, గుడ్డకే కరువున్న రోజుల్లో, చిత్రకారుడు జునిచి నకహర పెద్ద కళ్ల అమ్మాయిల బొమ్మలు గీసి, 1947లో ‘హిమవరి’ అనే పత్రిక పెట్టారు. ఉన్న గుడ్డతోనే అందంగా ఎలా కుట్టుకోవాలో అమ్మాయిలకి చూపించారు. 1972లో రియొకొ ఇకెద మాంగా ‘రోజ్ ఆఫ్ వెర్సాయ్’ మొదలైంది. ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటొనెట్ గౌన్లు, రొకోకో అంటే పిచ్చి ఒక తరం జపాన్ అమ్మాయిలకి అంటుకున్నది ఇలాంటి పుస్తకాల వల్లే.

గోతిక్ అండ్ లోలిటా బైబిల్ పత్రిక ఇంకా వస్తోందా?

లేదు. 2001లో మొదలై 2017లో ఆగిపోయింది. ‘కెరా’ అనే ఫ్యాషన్ పత్రిక ముద్రణ, వీధి ఫొటోల ‘ఫ్రూట్స్’ కూడా అదే ఏడాది ఆగాయి. పాత సంచికలు జపాన్ సెకండ్‌హ్యాండ్ షాపుల్లో దొరుకుతాయి. బైబిల్ సంచికల్లో కుట్టు నమూనాలు, అంటే కాగితం ప్యాటర్న్‌లు ఉంటాయి. కొనేటప్పుడు అవి చింపేయకుండా ఉన్నాయో లేదో అడగండి. 2008-09లో ఇంగ్లిష్‌లోనూ కొన్ని సంచికలు వచ్చాయి.

## మొదటి సెట్టు కొనేవాళ్లకి

ముందు ఏం కొనాలి? ఒక ప్రింట్ గౌను చూసి మనసు పారేసుకున్నాను.

అందరూ అక్కడే దెబ్బతింటారు. డబ్బంతా ప్రింట్ గౌను మీద పెట్టి, దాని కింద వేసే పానియర్‌కి (స్కర్టుని ఉబ్బించే లోపలి లంగా), లోపలి బ్లౌజుకి ఏమీ మిగలదు. ఫొటోలో గౌను వేలాడే సంచిలా ఉంటుంది. ముందు మంచి పానియర్, ఒక తెల్ల బ్లౌజు, మోకాలి దాకా వచ్చే మేజోళ్లు, గుండ్రటి ముక్కు బూట్లు తీసుకోండి. ఆ తర్వాత గౌను. మొదటి గౌను ఒకే రంగుదో, సన్నటి గళ్లదో అయితే తలకి ఏది పెట్టినా కుదురుతుంది. నేను మొదట కొన్నది కేకుల ప్రింట్. దానికి సరిపడే గులాబీ దొరక్క ఏడాది పాటు బీరువాలోనే ఉంది.

జేఎస్‌కే, ఓపీ, కెసీ... ఇవన్నీ ఏంటి?

జేఎస్‌కే అంటే జంపర్ స్కర్ట్: చేతులు లేని గౌను, లోపల బ్లౌజు వేయాలి. ఓపీ అంటే వన్ పీస్: చేతులున్న గౌను, ఒక్కటే చాలు. కెసీ అంటే కత్యూషా, మన హెయిర్‌బ్యాండే. కోర్డ్ అంటే తల నుంచి కాలి దాకా జత కుదిర్చిన మొత్తం సెట్టు.

పానియర్ బదులు మన లెహంగా క్యాన్‌క్యాన్ వాడొచ్చా?

నేరుగా వాడితే కుదరదు, కొంచెం మారిస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. లంగావోణీల కింద వేసే క్యాన్‌క్యాన్ కాలి మడమ దాకా ఉంటుంది. ఉబ్బంతా కింద అంచు దగ్గరే. మనకి కావాల్సింది నడుము దిగిన నాలుగు వేళ్ల నుంచే ఉబ్బాలి. నేను గట్టి నెట్టు ఆరు మీటర్లు తెచ్చి మా వీధి టైలర్ బాబాయ్‌కి ఇచ్చాను. “ఇంత పొట్టి క్యాన్‌క్యానా? చిన్నపిల్లకా?” అన్నారు. నాకే అన్నాను. మూడు వరసలు వేయించాను: పై వరస నడుముకి రెండింతలు, రెండోది దానికి రెండింతలు, మూడోది ఇంకా. పొడవు 45 సెంటీమీటర్లు. కాలికి గుచ్చుకోకుండా లోపల మెత్తటి కాటన్ లైనింగు. మొత్తం 1,100 రూపాయలైంది. నాలుగేళ్లు నిలబడింది.

గౌను మొత్తం మన టైలర్‌తోనే కుట్టించుకోవచ్చా?

స్కర్టు నిశ్చింతగా కుట్టించుకోండి. పాప్లిన్ గానీ కాటన్ ట్విల్ గానీ తీసుకోండి. మెరిసే శాటిన్ వద్దు, పార్టీ వేషంలా ఉంటుంది. కింది అంచు చుట్టుకొలత రెండున్నర మీటర్లకి తగ్గకూడదు, పొడవు 55 నుంచి 60 సెంటీమీటర్లు. బ్లౌజుకి ‘బుట్ట చేతులు, పీటర్ పాన్ కాలర్’ అంటే ఏ టైలరైనా కుట్టేస్తారు. మన అమ్మల తరం ఫొటోల్లో అవే కదా.

లేసు దగ్గర మాత్రం కాస్త పట్టుబట్టండి. షాపుల్లో దొరికే గరుకు నైలాన్ లేసు చూపిస్తారు, వద్దనండి. కాటన్ లేసు అడగండి. మనకి నరసాపురం ఉంది. పశ్చిమ గోదావరి ఆడవాళ్లు తరతరాలుగా అల్లుతున్న క్రోషియా లేసుకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి నుంచి తెప్పించిన గుండ్రటి కాలర్ ఒకటి నా నల్ల ఓపీ మీద వేస్తాను. జపాన్ స్నేహితురాలు వీడియో కాల్‌లో చూసి ఏ బ్రాండు అని అడిగింది. కెమెరా దగ్గరికి పెట్టి అల్లిక చూపించాను: ఒక్కో పువ్వుకీ ఎనిమిది రేకులు, ఏ రెండు రేకులూ ఒకే కొలతలో లేవు.

సైజు ఎలా చూసుకోవాలి? అన్నీ ఫ్రీ సైజ్ అని ఉంటాయి.

ఫ్రీ సైజ్ అనే మాటని నమ్మకండి, సెంటీమీటర్లు చదవండి. జపాన్ సెకండ్‌హ్యాండ్ పేజీల్లో బట్టని నేల మీద పరిచి కొలుస్తారు. ‘మిహబా’ అంటే చంక నుంచి చంకకి ఉన్న వెడల్పు. 44 అని ఉంటే చుట్టుకొలత 88. దాన్నే చుట్టుకొలత అనుకుని “బొమ్మ గౌనేమో” అని భయపడి వదిలేసినవాళ్లున్నారు. వెనక షిర్రింగ్ (ఎలాస్టిక్ వేసిన కుచ్చు) ఉంటే 44 నుంచి 52 అని రెండంకెలు ఇస్తారు. పెద్ద అంకె అంటే ఎలాస్టిక్ పూర్తిగా సాగినప్పటి కొలత, దానికి నాలుగైదు సెంటీమీటర్లు తక్కువే లెక్కేసుకోండి. భుజాల వెడల్పు మర్చిపోవద్దు, ఓపీలు ఎక్కువగా అక్కడే పట్టేస్తాయి.

మొత్తం ఎంతవుతుంది?

జపాన్ బ్రాండు కొత్త జేఎస్‌కే 30,000 యెన్ చుట్టూ ఉంటుంది, పైకి కూడా పోతుంది. సెకండ్‌హ్యాండ్‌లో 8,000 నుంచి 15,000కి మంచివి దొరుకుతాయి. 10,000 యెన్ అంటే ఈ మధ్య 6,000 రూపాయలకి అటూ ఇటూ. నా మొదటి పూర్తి సెట్టు, పార్సిల్ ఖర్చు, సుంకం కలిపి 19,000 రూపాయలైంది. అప్పటి నా జీతంలో సగం. రెండు నెలలు క్యాంటీన్ మానేశాను.

రెప్లికా కొంటే తప్పా?

నా అభిప్రాయం: కొనకండి. బేబీ, ఏంజెలిక్ ప్రెట్టీ ప్రింట్లు వాళ్ల కళాకారులు గీసినవి. వాటిని స్కాన్ చేసి అచ్చేసినవి రంగు వెలిసి, కుచ్చులు తక్కువై ఉంటాయి. డబ్బు తక్కువుంటే సొంత డిజైన్లు చేసే చైనా బ్రాండ్లు ఎన్నో ఉన్నాయి. చైనాలో ఈ ఫ్యాషన్ ఇప్పుడు చాలా పెద్దది.

## జపాన్ నుంచి తెప్పించుకునేవాళ్లకి

ప్రాక్సీ అంటే ఏంటి? నేరుగా ఆర్డర్ చేయలేమా?

కొన్ని బ్రాండ్లు విదేశాలకి నేరుగా పంపుతాయి. వుండర్‌వెల్ట్ లాంటి సెకండ్‌హ్యాండ్ షాపులూ పంపుతాయి. మెర్కారి, యాహూ ఆక్షన్స్ లాంటి జపాన్ సైట్లలో అమ్మే మామూలు జనం మాత్రం పంపరు. అక్కడ ప్రాక్సీ కావాలి: మన తరఫున కొని, వాళ్ల గోడౌన్‌లో పెట్టి, మనకి పంపే సంస్థ. బయీ, జెన్‌మార్కెట్, ఫ్రమ్ జపాన్ ఎక్కువగా వాడతారు. ఖర్చు రెండుసార్లు ఉంటుంది: కొన్నప్పుడు వస్తువు ధర, ప్రాక్సీ ఫీజు, జపాన్ లోపలి తపాలా, తర్వాత విదేశీ పార్సిల్. మూడు నాలుగు వస్తువులు కూడబెట్టి ఒకే పెట్టెలో రప్పిస్తే కలిసొస్తుంది. పానియర్ లాంటి తేలిక, పెద్ద వస్తువులకి ఈఎంఎస్ (జపాన్ తపాలా వాళ్ల విదేశీ స్పీడ్ పోస్టు) మేలు, అది అసలు బరువుకే లెక్క కడుతుంది. ప్రైవేటు కొరియర్లు పెట్టె సైజుకి కూడా లెక్క కడతాయి.

కస్టమ్స్ ఎంత పడుతుంది? ‘గిఫ్ట్’ అని రాయిస్తే తప్పించుకోవచ్చా?

ఆ పని చేయొద్దు. 2019 డిసెంబరు నుంచి, రాఖీలకి, ప్రాణాలు కాపాడే మందులకి తప్ప, గిఫ్ట్ పేరుతో సుంకం లేకుండా తెచ్చుకునే వీల్లేదు. అబద్ధపు ధర రాయిస్తే పార్సిల్ ఆగిపోతుంది. శాతాలు బడ్జెట్‌తో పాటు మారుతుంటాయి కాబట్టి అంకె చెప్పను. వస్తువు ధరలో సగం వరకు పక్కన పెట్టుకోండి, తక్కువ పడితే మేజోళ్లు కొనుక్కోవచ్చు. బిల్లు స్క్రీన్‌షాట్ ఫోన్‌లో ఉంచుకోండి. ఒకసారి నా పార్సిల్‌కి ఉన్న ధర కంటే ఎక్కువ కట్టారు, బిల్లు చూపించాక తగ్గించారు. దానికి పద్దెనిమిది రోజులు పట్టింది.

మేం డాలస్‌లో ఉంటాం. ఇక్కడికి సుంకం లేదు కదా?

ఒకప్పుడు 800 డాలర్ల లోపు లేదు. 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు పోయింది. పాత పోస్టులు చదివి లెక్క వేసుకోకండి. అమెరికాలోనే ఉన్నవాళ్లు అమ్మే సెకండ్‌హ్యాండ్ ముందు చూడండి. లేస్ మార్కెట్ అనే సైటు అచ్చంగా దీనికోసమే.

జపాన్ వెళ్తున్నాం. ఎక్కడ తిరగాలి?

హరజుకులో లాఫోరె భవనం, షింజుకులో మరుయ్ అనెక్స్. సెకండ్‌హ్యాండ్‌కి క్లోసెట్ చైల్డ్. అక్కడ ఒక్కపూట అని మొదలుపెట్టి రోజంతా ఉండిపోతారు. ఆదివారాలు రోడ్డు మూసి అమ్మాయిలు గుంపులుగా తిరిగే హరజుకు కోసం వెతక్కండి, ఆ వాహనాలు లేని ఆదివారాలు 1998లోనే ఆగిపోయాయి.

ట్రయల్ రూమ్‌లోకి వెళ్లేముందు బూట్లు విప్పాలి. తలకి తొడుక్కోమని ఒక పల్చటి తెల్ల సంచి ఇస్తారు, ముఖం మీది మేకప్ గౌనుకి అంటకుండా. నాకు తెలియక దాన్ని క్యారీబ్యాగ్ అనుకుని మడిచి పర్సులో పెట్టుకున్నాను. సేల్స్ అమ్మాయి నవ్వాపుకుంటూ ఇంకోటి తెచ్చి, ఎలా తొడుక్కోవాలో తన తల మీద చూపించింది. దారిలో ఈ బట్టల్లో కనిపించినవాళ్ల ఫొటో అడగకుండా తీయకండి.

## వేసుకునేటప్పుడు, దాచుకునేటప్పుడు

విజయవాడ ఎండల్లో ఇది సాధ్యమేనా?

ఏప్రిల్, మే నెలల్లో పగలు బయటికి అయితే కాదు. మూర్ఛపోయి పడితే చుట్టూ చేరేవాళ్లు గౌను గురించే మాట్లాడతారు. నవంబరు నుంచి ఫిబ్రవరి మన సీజన్. మిగతా నెలల్లో ఏసీ ఉన్న చోట్లు, లేదా వానాకాలం సాయంత్రాలు. మల్ బట్ట బ్లౌజు, ఒకే వరస పానియర్, పొట్టి మేజోళ్లు, మెడకి తగలకుండా పైకి కట్టిన జుట్టు. విగ్గు వద్దు. పానియర్ కింద పల్చటి కాటన్ బ్లూమర్లు (వదులు నిక్కర్లు) వేస్తే తొడలు ఒరుసుకోవు.

ఎక్కడికి వేసుకెళ్తారు? జనం చూడరా?

చూస్తారు. మొదటిసారి ఆటోలో ఎక్కితే పానియర్ సగం బయటే ఉంది. ఆటో అన్న వెనక్కి తిరిగి, “అమ్మా, స్టేజీ ప్రోగ్రామా?” అన్నాడు. అవునన్నాను. ఎందుకొచ్చిన వివరణ. ఇప్పుడు టీ షాపులకి, మ్యూజియంలకి, స్నేహితుల పుట్టినరోజులకి వేసుకెళ్తున్నాను. జూన్, డిసెంబరు నెలల మొదటి శనివారాలు అంతర్జాతీయ లోలిటా దినాలు. ఊళ్లో ఇంకెవరూ లేకపోయినా ఆ రోజు తయారై ఒక కాఫీ తాగి రండి. పెళ్లిళ్లకి మాత్రం వేయను, అక్కడ అందరి కళ్లూ పెళ్లికూతురి మీదే ఉండాలి.

‘ఇటా’ అని ఎవరో కామెంట్ పెట్టారు. ఏంటది?

జపనీస్‌లో ‘ఇతై’, అంటే నొప్పి. చూస్తే కళ్లు నొప్పెట్టేలా వేసుకున్నారని వెక్కిరింపు. పట్టించుకోకండి. ఇలా అనేవాళ్ల మొదటి ఫొటోలు అడగండి, చూపించరు.

ఎలా ఉతకాలి?

చేత్తో, చల్లటి నీళ్లలో, తక్కువ సబ్బుతో. ముందు లోపలి అంచు మీద తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు వదులుతుందేమో చూడండి. ఎర్ర రిబ్బన్లు, నల్ల లేసు ఉన్న తెల్ల గౌనైతే ఊడదీయగలిగినవన్నీ ఊడదీయండి. పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కండి, నీడలో ఆరేయండి. ఇస్త్రీ పైన పల్చటి గుడ్డ వేసే చేయాలి. ఒకసారి బద్ధకించి డ్రైక్లీనింగ్‌కి ఇచ్చాను. ఇస్త్రీ పెట్టె నేరుగా లేసు మీద పెట్టారు. అంచు లేసు జానెడు మేర కరిగి చాక్లెట్ రేపరులా ముడుచుకుపోయింది. తప్పు నాదే, చెప్పి ఇవ్వాల్సింది.

వానాకాలంలో బూజు పట్టకుండా ఎలా?

ప్లాస్టిక్ కవర్లలో దాచకండి, పసుపెక్కుతాయి. పాత కాటన్ చీర ముక్కలో చుట్టి, సిలికా జెల్ సంచులు పెట్టండి. నాఫ్తలీన్ ఉండలు బట్టకి తగలకూడదు. విశాఖలాంటి సముద్రపు ఊళ్లలో అయితే నెలకోసారి బయటికి తీసి ఫ్యాన్ కింద ఆరబెట్టండి.

అమ్మేయాలనుకుంటే ధర ఎలా పెట్టాలి?

అదే గౌను జపాన్‌లో ఇప్పుడెంతకి పోతోందో చూసి, దానికి మీరు కట్టిన సుంకంలో కొంత కలపండి. మరక, తెగిన దారం, పొగ వాసన ఏదున్నా ఫొటో తీసి ముందే చెప్పండి. నడుము బెల్టు, తలకి పెట్టే బో పోతే ధర పావు వంతు పడిపోతుంది కాబట్టి కొన్న రోజు నుంచే వాటిని గౌనుతో పాటు ఒకే సంచిలో ఉంచండి.